ఊపిరికి ఊతం

మొన్న రాత్రి బడిలో పాఠం అయిపోయింది. అందరం పుస్తకాలు సర్దుకుంటున్నాం. ఒక అక్క మాత్రం లేవలేదు.

"టీచరమ్మా, మూతికి మిషన్ పెట్టారంటే మనిషి ఇక దక్కడంట గదా?" అని అడిగింది.

ఆమె కూతురి బిడ్డకు ఐదు నెలలు. జలుబు చేసి ఛాతీలోకి దిగింది. పట్నంలో ఆసుపత్రిలో పెట్టారు. ముక్కుకి గొట్టాలు పెట్టి మిషన్‌తో గాలి ఇస్తామని డాక్టరు అన్నాడట. ఇంట్లో వాళ్ళు వద్దంటున్నారు.

ఆ మాట నాకు కొత్త కాదు. 2021 మే నెలలో మా పెద్దమ్మ కూడా అదే మాట అంది.

అప్పుడు కరోనా రెండోసారి ఊళ్ళ మీద పడింది. నేను టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను. మా పెదనాన్నకు ఆరు రోజులు జ్వరం. ఏడో రోజు నాలుగడుగులు వేస్తే రొప్పు వచ్చింది. ఆశా అక్క వచ్చి వేలికి క్లిప్పు పెట్టింది. అంకె 84 చూపించింది. 108 బండిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ మామూలు ఆక్సిజన్ పెట్టారు. అంకె 88 దాటలేదు. "బిగుతు మాస్కుతో మిషన్ పెడదాం" అన్నాడు డాక్టరు. "మిషన్ పెట్టినోళ్ళు ఎవరు తిరిగొచ్చారయ్యా?" అని పెద్దమ్మ అడ్డం పడింది. నేనూ ఆమె వైపే మాట్లాడాను. చదువుకున్నదాన్నే గానీ నాకూ తెలీదు. పొద్దున అడిగిన మాటకి సాయంత్రం దాకా నాన్చాం.

మా తప్పు ఎక్కడుందంటే, మేం రెండు మిషన్లను ఒకటే అనుకున్నాం.

ఒకటి గొంతులోకి ట్యూబు వేసి పెట్టే వెంటిలేటర్. దానికి మనిషికి మత్తు ఇస్తారు. నోట్లోంచి గాలి గొట్టంలోకి ట్యూబు దించుతారు. ఊపిరి పని చాలావరకు మిషనే చేస్తుంది. మనిషి మాట్లాడలేడు, నోటితో తినలేడు. రెండోది మాస్కు మిషన్. దీనికి కోత లేదు, గొంతులో ట్యూబు లేదు. మనిషి మెలకువగా ఉంటాడు. ఊపిరి తనే పీలుస్తాడు. మిషన్ కింద నుంచి చెయ్యి ఆనించినట్టు సాయం చేస్తుంది, అంతే.

ఆ సాయం ఎందుకు కావాలి? మన ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి తిత్తులు ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ అక్కడే రక్తంలోకి దిగుతుంది. కరోనా, ఫ్లూ లాంటి వైరస్‌లు ముదిరితే ఆ తిత్తుల్లో నీరు చేరుతుంది. కొన్ని ముడుచుకుపోతాయి. తడిసిన ప్లాస్టిక్ కవరు చూడండి. రెండు వైపులూ అంటుకుపోయి నోరు తెరవదు. అట్లాగే అవుతాయి. మూసుకున్న తిత్తిలోకి ఎంత ఆక్సిజన్ పంపినా దిగదు. ముందు అది తెరుచుకోవాలి.

కొత్త బుడగ ఊదేటప్పుడు మొదటి ఊపే కష్టం. సగం ఊదిన బుడగలోకి గాలి సులువుగా పోతుంది. మాస్కు మిషన్ చేసేది ఇదే. ఊపిరి వదిలాక కూడా తిత్తులు పూర్తిగా ముడుచుకోకుండా లోపల కొంచెం ఒత్తిడి నిలబెడుతుంది. దీన్ని సీపాప్ అంటారు. పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడి, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇచ్చేది బైపాప్. ఇంకొకటి ఉంది. అందులో మాస్కు ఉండదు. వెచ్చని తడిగాలిని ముక్కులోకి జోరుగా పంపుతారు. పెద్దవాళ్ళకు నిమిషానికి 60 లీటర్ల దాకా పంపవచ్చు.

ఈ ఒత్తిడిని దేనితో కొలుస్తారో తెలుసా? నీళ్ళతో. ఒక గ్లాసులో నీళ్ళు పోసి, కొబ్బరి నీళ్ళు తాగే స్ట్రా ముంచి ఊదండి. పైపైన ముంచితే బుడగలు తేలిగ్గా వస్తాయి. అడుగుదాకా ముంచితే గట్టిగా ఊదాలి. ఎంత లోతో అంత ఒత్తిడి. డాక్టర్లు 5 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు అని చెప్పేది ఈ లోతే. 5 సెంటీమీటర్లంటే సుమారు మూడు వేళ్ళ వెడల్పు.

పసిబిడ్డలకు ఈ నీళ్ళ లెక్కతోనే పని జరిగిపోతుంది. బిడ్డ ముక్కుకు చిన్న గొట్టాలు పెడతారు. ఆక్సిజన్ కలిపిన గాలి వస్తుంది. రెండో కొసను నీళ్ళ సీసాలో ముంచుతారు. నీళ్ళలో బుడబుడమని బుడగలు వస్తుంటాయి. అందుకే దీన్ని బబుల్ సీపాప్ అంటారు. అక్క మనవడికి పెడతామన్నది ఇదే.

బంగ్లాదేశ్‌లో మహమ్మద్ జొబాయెర్ చిస్తీ అని ఒక డాక్టరు ఉన్నారు. 1996లో ఆయన సిల్హెట్ ఊళ్ళో కొత్తగా డ్యూటీలో చేరారు. ఒక్క రాత్రిలో ముగ్గురు పిల్లలు నిమోనియాతో ఆయన కళ్ళ ముందే పోయారు. పిల్లల వెంటిలేటర్లు కొనే స్తోమత అలాంటి ఆసుపత్రులకు లేదు. తర్వాత ఆయన ఆస్ట్రేలియాలో బబుల్ సీపాప్ చూశారు. తిరిగొచ్చి ఢాకా ఆసుపత్రిలో షాంపూ సీసాతో దాన్ని తయారు చేశారు. అవును, తలకి రాసుకునే షాంపూ సీసాయే! 2011 నుంచి 2013 దాకా పరీక్షించి చూశారు. మామూలుగా ఆక్సిజన్ ఇచ్చిన 67 మంది పిల్లల్లో 10 మంది చనిపోయారు. బుడగల సీసా పెట్టిన 79 మందిలో చనిపోయింది ముగ్గురు. ఈ లెక్క 2015లో అచ్చయింది.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. ఆఫ్రికాలో మలావీ అనే దేశం ఉంది. అక్కడ ఒక జిల్లా ఆసుపత్రిలో ఇదే పద్ధతి పెట్టి చూశారు. డాక్టరు రోజూ వచ్చి చూసే ఏర్పాటు లేదు. అక్కడ ఫలితం తిరగబడింది. మామూలు ఆక్సిజన్ ఇచ్చిన పిల్లల్లో నూటికి 11 మంది పోతే, సీపాప్ పెట్టిన వాళ్ళలో 17 మంది పోయారు. ఆ సంగతి 2019లో బయటపెట్టారు. అంటే మిషన్ ఉన్న చోట కాదు, మిషన్‌నీ బిడ్డనీ కనిపెట్టి చూసే మనిషి ఉన్న చోట ఇది పెట్టాలి. సీసా పని తెలిసింది గదా అని ఇంట్లో ఎవరూ ప్రయత్నం చెయ్యకండి.

కరోనా వచ్చిన పెద్దవాళ్ళ సంగతి బ్రిటన్‌లో లెక్క తీశారు. మామూలు ఆక్సిజన్ ఇచ్చిన వాళ్ళలో 30 రోజుల లోపు నూటికి 44 మందికి ట్యూబు వెయ్యాల్సి వచ్చింది, లేదా చనిపోయారు. సీపాప్ పెట్టిన వాళ్ళలో 36 మంది. తేడా ఉంది. అందరూ బతకలేదన్నదీ ఉంది.

మా పెదనాన్న ఎనిమిది రోజులు మాస్కుతో ఉన్నాడు. పక్క మంచం ఆయనకు మాస్కు చాలలేదు. ట్యూబు వేశారు. ఆయన దక్కలేదు. వాళ్ళావిడా మా పెద్దమ్మా ఒకే గిన్నెలో అన్నం తిన్నారు ఆ వారమంతా.

మాస్కు పెట్టుకోవడం సుఖంగా ఉండదు. బిగుతుగా ఉంటుంది. ముక్కు దూలం మీద పుండు పడుతుంది. తుఫాను గాలి మొహాన కొట్టినట్టుంటుందని పెదనాన్న చెప్పేవాడు. రాత్రిళ్ళు పీకేసుకునేవాడు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కూర్చునేది. మాస్కు పక్కల నుంచి గాలి కారితే ఫలితం ఉండదు. అందుకని గడ్డం గీయించారు. నర్సు చెప్పినప్పుడల్లా బోర్లా పడుకోబెట్టేవాళ్ళం. అట్లా పడుకుంటే ఊపిరితిత్తుల వీపు వైపు భాగం తెరుచుకుంటుంది. ఇది ఆసుపత్రిలో పెద్దవాళ్ళకు చేసే పని. ఇంట్లో పసిబిడ్డలను బోర్లా పడుకోబెట్టకూడదు.

మా పెద్దమ్మకు అప్పటికి అంకెలు రావు. నర్సు గోడ మీది తెర చూపించి, "మొదట 9 ఉందా లేదా చూడమ్మా, 8 వస్తే నన్ను పిలువు" అంది. ఆమె నేర్చుకున్న మొదటి అంకెలు ఆ రెండే.

మన మనిషికి మాస్కు పెడితే మనం చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. నర్సును అడగకుండా మాస్కు తీసి అన్నం, నీళ్ళు పెట్టవద్దు. ఒక్క ముద్ద తినిపిద్దామని తీస్తే తెరుచుకున్న తిత్తులు మళ్ళీ మూసుకుంటాయి. వాంతి వచ్చేట్టుంటే వెంటనే కేకెయ్యండి. మాస్కులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా ఆలస్యం చెయ్యకుండా చెప్పండి. నిద్రలే అనుకోవద్దు. అప్పుడు డాక్టరు ట్యూబు వెయ్యాలంటే దానికీ జాగు చెయ్యకూడదు. ఆక్సిజన్ దగ్గర బీడీ, అగ్గిపుల్ల అసలు వద్దు.

వేలి క్లిప్పులో 95, ఆపైన ఉంటే మంచిది. 94, అంతకు తక్కువైతే డాక్టరుకు చూపించాలి. 90 కంటే తగ్గితే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. గోళ్ళ రంగు ఉంటే తుడిచి పెట్టండి. చల్లటి వేలికి తప్పు అంకె వస్తుంది.

ఆ అక్క నా ఫోన్ తీసుకుని కూతురితో మాట్లాడింది. "మత్తు లేదంట. గొంతులో ట్యూబు కాదంట. పెట్టమను" అంది. మర్నాడు బడికి వచ్చి, బుడగలు వస్తున్నాయని చెప్పింది. నాలుగో రోజుకి తీసేశారు.

క్లిప్పు లేని ఇంట్లో కూడా పసిబిడ్డ ఊపిరి చూడవచ్చు. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చూడాలి. ఏడుస్తున్నప్పుడు లెక్క తప్పుతుంది. చొక్కా పైకెత్తి, గడియారం పక్కన పెట్టుకుని, పొట్ట లేచినప్పుడల్లా ఒకటి లెక్కన నిమిషం నిండా లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఐదేళ్ళ లోపు పిల్లలకు 40. ఆ అంకె వచ్చినా, దాటినా డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా లెక్కపెడుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చెయ్యండి.