నీళ్లున్న చోటల్లా రన్‌వే

ఒక్క నమూనా కూడా గాల్లోకి లేవకముందే, కాగితం మీది బొమ్మలు చూసి 28 విమానాలకు ఆర్డరు ఇచ్చేసింది బ్రిటన్‌లోని ఇంపీరియల్ ఎయిర్‌వేస్. అది 1935. తయారుచేయాల్సింది రోచెస్టర్‌లో మెడ్‌వే నది ఒడ్డున ఉన్న షార్ట్ బ్రదర్స్ కంపెనీ. నమూనా గీసినవాడు ఆర్థర్ గూజ్. మరుసటి ఏడాది జులైలో వాటిలో మొదటిది ‘కనోపస్’ ఆ నది మీంచే లేచింది. మిగతావాటికీ ‘సి’ అక్షరంతోనే పేర్లు పెట్టారు: సిగ్నస్, కోర్టియర్, కావలియర్, కోర్సెయిర్, సెంచూరియన్. అందరూ వీటిని ఎంపైర్ బోట్లు అనేవారు. తర్వాతి రకాలను కూడా కలుపుకుంటే మొత్తం 42 తయారయ్యాయి. ఇవాళ ప్రపంచంలో ఏ మ్యూజియంలోనూ వీటిలో ఒక్కటి కూడా లేదు.

వీటికి చక్రాలు ఉండవు. విమానం పొట్టే పడవ. దాదాపు 35 మీటర్ల రెక్కలు, నాలుగు ఇంజిన్లు, నిండా ఎక్కితే 18 టన్నుల బరువు. పై అంతస్తులో పైలట్లు, టపా సంచులు, కింద ప్రయాణికులు. పగటి ప్రయాణమైతే 24 మంది, రాత్రి పడకలు వేస్తే 16 మంది. అసలు ఆదాయం మనుషుల మీద కాదు, ఉత్తరాల మీద. సామ్రాజ్యంలో ఏ మూలకైనా ఉత్తరం ఒకటిన్నర పెన్నీకే విమానంలో పోవాలన్నది లండన్ ప్రభుత్వ పథకం. అంత బరువును మోయగల రన్‌వేలు ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ అప్పటికి ఎక్కడో గాని లేవు. నదులు, చెరువులు, రేవులు మాత్రం కావలసినన్ని. అందుకే సౌతాంప్టన్‌లో లేచిన పడవ ఆస్ట్రేలియా చేరేలోపు నీళ్ల మీదే మజిలీలు చేసుకుంటూ పోయేది. అప్పటికి మన దేశంలోనే ఉన్న కరాచీ, ఆ తర్వాత రాజస్థాన్‌లో రాజ్‌సమంద్ సరస్సు, గ్వాలియర్ దగ్గరి జలాశయం, అలహాబాద్ దగ్గర నది, కలకత్తాలో హుగ్లీ.

నేల విమానానికి ఇంజిన్ ఆగితే దిగడానికి చోటు వెతుక్కోవాలి, దీనికేం, కింద సముద్రమే ఉంది కదా అన్న ధీమా అప్పట్లో చాలామందిది. వినడానికి సబబుగానే ఉంటుంది. మూడేళ్లలో ఆ ధీమా ముక్కలు ముక్కలుగా ఎలా విరిగిందో చూస్తే, ప్రమాదాల విచారణ నివేదికలే ఆ యంత్రానికి అసలైన జీవిత చరిత్ర అనిపిస్తుంది నాకు.

మొదటి నష్టానికి నీటితో సంబంధమే లేదు. 1937 మార్చి 24న ‘కాప్రికోర్నస్’ ఫ్రాన్స్‌లో మంచుతుఫానులో దారి తప్పి బోజొలే కొండలను గుద్దుకుంది. ఒక్కడే బతికాడు. కొండ ఎదురైతే ఏ విమానానికైనా అదే గతి కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

నీళ్లు చేసే మోసం ఆ అక్టోబరు 1న ఏథెన్స్ దగ్గర ఫలెరాన్ అఖాతంలో బయటపడింది. కోర్టియర్ దిగుతోంది. సముద్రంలో అల లేదు, గాలి లేదు. చూపు సరిగా ఆనడం లేదు. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి నీళ్లు ఏముంటాయి అనిపిస్తుంది. నీటి పైలట్లు మాత్రం ఇలాంటి నీళ్లకే ఎక్కువ భయపడతారు. అల ఉంటే కన్ను దాన్ని పట్టుకుని ఎత్తు అంచనా వేస్తుంది. అల లేని నీళ్లలో ఆకాశమే కనిపిస్తుంది, ఉపరితలం కనిపించదు. యాభై అడుగులు ఉందనుకున్న చోట అయిదే ఉండొచ్చు. కోర్టియర్ పైలట్ అంచనా అలాగే తప్పింది. అందుకే ఇప్పటికీ నిశ్చలమైన నీటి మీద దిగాల్సివస్తే పైలట్ కిటికీలోంచి చూసిన ఎత్తును నమ్మడు. ముక్కు కాస్త ఎత్తి, ఇంజిన్ కాస్త నడుస్తుండగా, ఒకే వేగంతో నెమ్మదిగా దిగుతూ, నీళ్లు తగిలేదాకా ఓపిక పడతాడు. ఒడ్డు దగ్గరుంటే దాని వెంబడే దిగుతాడు, చెట్లో రాళ్లో కొలతగా పనికొస్తాయని. కొన్నిచోట్ల ముందుగా మోటారు పడవను పరుగెత్తించి నీటిని కదిలించేవారు.

రెండు నెలలు దాటగానే, డిసెంబరు 5న, ఇటలీలోని బ్రిండిసి రేవులో సిగ్నస్ వంతు వచ్చింది. ఈసారి లేవడంలో. నీళ్లు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. పడవ అడుగు నీటిని అంటుకుని వదలదు. వదిలించడానికి ఆ అడుగున ఒక మెట్టు కోస్తారు. వేగం పెరిగే కొద్దీ నీటిధార ఆ మెట్టు దగ్గర తెగిపోయి, వెనక భాగం కిందికి గాలి చొరబడుతుంది. అప్పుడు పడవ నీళ్లలో మునిగి కాక, నీటి మీద జారుతూ పరుగెడుతుంది. ఈ దశలో ముక్కు ఎంత ఎత్తున ఉండాలో దానికి చాలా సన్నటి హద్దులుంటాయి. హద్దు దాటితే చెరువులో పిల్లలు విసిరిన పెంకులా విమానం ఎగిరెగిరి పడుతుంది. ఒక్కో దెబ్బా ముందటి దానికంటే పెద్దది. సిగ్నస్‌లో, లేచేటప్పుడు కొద్దిగానే దించాల్సిన, రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాపులు పూర్తిగా దిగి ఉన్నాయి. ఎగిరి పడి, ముక్కు నీళ్లలో గుచ్చుకుంది. ఇద్దరు చనిపోయారు. గాయపడి బయటపడ్డవాళ్లలో బ్రిటిష్ వైమానిక దళ మాజీ అధిపతి సర్ జాన్ సాల్మండ్ ఒకరు.

ఒక్క మీట తప్పే అయితే కథ అక్కడితో ముగిసేదే. కాని ఏథెన్స్, బ్రిండిసి రెండింటిలోనూ ఇంకో ప్రశ్న మిగిలింది. దెబ్బ తట్టుకుని బతికినవాళ్లు బయటికి ఎలా వస్తారు? పడవ మునుగుతుంటే తలుపు నీళ్ల కిందికి పోతుంది, కిటికీలేమో తెరుచుకోవు. ఆ తర్వాతే, లోపలినుంచి నెడితే ఊడిపోయే కిటికీలు పెట్టడం మొదలుపెట్టారు. 42 విమానాల కథలో నేను అన్నిటికంటే పెద్దదనుకునేది ఇంజిన్లలో వచ్చిన మార్పు కాదు, ఈ కిటికీ.

1938 నవంబరులో క్రిస్మస్ టపాతో పోతున్న ‘కల్‌పూర్నియా’ ఇరాక్‌లోని హబ్బానియా సరస్సు దగ్గర, చెడ్డ వాతావరణంలో కూలి నలుగురు సిబ్బంది పోయారు. రెండు నెలలకు కావలియర్.

1939 జనవరి 21న న్యూయార్క్ నుంచి బెర్ముడా పోతున్న కావలియర్‌లో 13 మంది ఉన్నారు. మేఘాల్లో ఇంజిన్లు ఒక్కొక్కటే నీరసపడ్డాయి. తప్పు కార్బ్యురేటర్‌లో పేరుకున్న మంచుది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. గాలిలో తేమ ఉంటే అది గొట్టంలోనే మంచుగా గడ్డకట్టి ఇంజిన్ గొంతు నొక్కేస్తుంది. ఇక ఇంజిన్ ఆగితే సముద్రం మీద దిగొచ్చు అన్న మాటకు పరీక్ష వచ్చింది. కెప్టెన్ ఆల్డర్సన్ దించాడు. కాని అట్లాంటిక్ అంటే సౌతాంప్టన్ రేవు కాదు. పెద్ద పెద్ద అలల మీద ఆ వేగంతో తగిలినప్పుడు నీరు పక్కకు తప్పుకోదు, గోడలా నిలబడుతుంది. పడవ పొట్ట చిట్లింది. ‘మునుగుతున్నాం’ అన్న రేడియో సందేశం వచ్చింది, తర్వాత మాట లేదు. కాసేపటికే విమానం నీళ్లలోకి పోయింది. తెప్ప లేదు. ఉన్న లైఫ్‌బెల్టులను పంచుకుని, ఒకరినొకరు పట్టుకుని, దాదాపు పది గంటలు నీళ్లలో తేలారు. రాత్రి ‘ఎస్సో బేటౌన్’ అనే చమురు ఓడ సిబ్బంది చీకట్లో కేకలు విని పదిమందిని పైకి లాగారు. ముగ్గురు అప్పటికే పోయారు. ప్రయాణికులకు సీటు బెల్టులు, గాలి తెప్పలు ఉండాలి, లైఫ్‌బెల్టు ఎలా వేసుకోవాలో ముందే చెప్పాలి అన్న మాటలు విచారణలో వచ్చాయి. ఇవాళ విమానం కదిలేముందు ఎయిర్‌హోస్టెస్ చేసి చూపించేది, మనం ఫోన్లు చూసుకుంటూ పట్టించుకోనిది, అదే.

ఇన్ని చావుల మధ్య ఒక వింత కథ కూడా ఉంది. అదే ఏడాది మార్చి 14న డర్బన్ నుంచి ఇంగ్లండ్ తిరిగి వస్తున్న కోర్సెయిర్‌కు, దిక్కు చెప్పాల్సిన రేడియో పరికరం తప్పు చెప్పింది. అప్పటి సూడాన్‌లో జూబా చేరాల్సింది, బెల్జియన్ కాంగో అడవుల మీద తిరుగుతోంది. పెట్రోలు అయిపోవచ్చింది. కెప్టెన్ ఇ. ఎస్. ఆల్కాక్. 1919లో మొట్టమొదట ఆగకుండా అట్లాంటిక్ దాటిన ఇద్దరిలో ఒకరైన జాన్ ఆల్కాక్‌కు తమ్ముడు. ఫరాజే ఊరి దగ్గర డుంగు అనే సన్నటి నది కనిపిస్తే అందులోనే దించేశారు. నీళ్ల కింది రాయి అడుగును చీల్చేసింది. లోపలున్నవాళ్లంతా క్షేమం. విమానం మాత్రం బురదలో కూరుకుపోయింది.

వదిలేస్తే పోయేదానికి, షార్ట్ బ్రదర్స్ మెకానిక్‌లు ఇంగ్లండ్ నుంచి వచ్చారు. అడవిలో, దోమల్లో, స్థానిక కాంగో కూలీల కండబలంతో దాన్ని ఒడ్డుకు లాగి, నెలల తరబడి రేకులు అతికారు. జులైలో లేపబోతే మళ్లీ రాయి తగిలింది, మళ్లీ చీలింది. ఈసారి నదినే మార్చాలని నిర్ణయించారు. కింద ఆనకట్ట కట్టి నీళ్లను నిలబెట్టారు. పనివాళ్ల కోసం గుడిసెలు, దారి వచ్చి అక్కడ ఒక చిన్న ఊరే తయారైంది. ఈలోగా యుద్ధం వచ్చిపడింది, ప్రతి విమానమూ అవసరమైంది. 1940 జనవరిలో కెప్టెన్ కెల్లీ రోజర్స్ ఆ చిన్న మడుగు మీంచి కోర్సెయిర్‌ను గాల్లోకి లేపాడు. 1942లో చర్చిల్‌ను అట్లాంటిక్ మీదుగా తీసుకొచ్చిన పైలట్ ఇతనే. నీళ్లున్న చోటల్లా రన్‌వే ఉంటుందని మొదలైన యంత్రం కోసం చివరికి మనుషులు నీళ్లను తయారుచేయాల్సి వచ్చింది!

మన దేశంలోనే ఒక ప్రమాదం 1939 జూన్ 12న కలకత్తాలో జరిగింది. హుగ్లీ మీద దిగుతున్న సెంచూరియన్‌ను హఠాత్తుగా వచ్చిన గాలి విసురు దెబ్బకొట్టింది. విమానం నదిలో మునిగిపోయింది. నేల మీద చక్రాల విమానం అలాంటి విసురుకు కాస్త పక్కకు జరిగి ఆగుతుంది. నీటి మీద రెక్క చివర గాని, ముక్కు గాని ఒకసారి నీళ్లలో గుచ్చుకుంటే మిగతాది దాని చుట్టూ తిరిగిపోతుంది. అదే వేసవిలో మొజాంబిక్ రేవులో ‘చాలెంజర్’, ఇంగ్లండ్‌లోనే పెట్రోలు పోస్తుండగా అంటుకున్న మంటల్లో ‘కానెమారా’ పోయాయి.

యుద్ధంలో పోయినవాటిని ప్రమాదాలనడం సరికాదు. 1942 మార్చి 3న ఆస్ట్రేలియాలోని బ్రూమ్ రేవులో జపాన్ యుద్ధవిమానాలు ఒక్క ఉదయంలో 15 ఎగిరే పడవలను తగలబెట్టాయి. వాటిలో రెండు ఎంపైర్ బోట్లు. ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటస్‌లో కెప్టెన్ అయిన ఆబ్రీ కోచ్ సంగతి మాత్రం చెప్పాలి. ఆ జనవరిలో తిమోర్ దగ్గర అతని ‘కోరియో’ను కూల్చేశారు, ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. మరుసటి ఏడాది పోర్ట్ మోర్స్‌బీ దగ్గర రాత్రి, చెడ్డ వాతావరణంలో ‘కామిల్లా’ సముద్రంలో పడింది, గంటల తరబడి ఈది మళ్లీ బతికాడు.

ఎగిరే పడవలను ప్రమాదాలు చంపలేదు, సిమెంటు చంపింది. యుద్ధం కోసం ప్రపంచమంతటా పొడవాటి రన్‌వేలు వేశారు. ఇక నీటి అవసరమేముంది? ఉప్పునీరు రేకులను తినేస్తుంది, తుపాను వస్తే ఆపేయాలి, దుంగలు తగులుతాయి. బ్రిటిష్ ప్రభుత్వ విమాన సంస్థ 1950 నవంబరులో వీటికి స్వస్తి చెప్పింది.

చిన్న సీప్లేన్లు మాత్రం కెనడాలో, మాల్దీవుల్లో ఇప్పటికీ రోజూ తిరుగుతున్నాయి. చక్రాలూ ఉండే ఉభయచర రకాల్లో ఇంకో ప్రమాదం కలిసింది. చక్రాలు ముడవడం మరచి నీళ్ల మీద దిగితే విమానం క్షణంలో తలకిందులవుతుంది. ప్రయాణికుడు బెల్టుకు వేలాడుతూ, చీకటి నీళ్లలో, పైదేదో కిందదేదో తెలియక తలుపు పిడి వెతుక్కోవాలి. 2009లో కెనడా పశ్చిమ తీరంలో సాటర్నా దీవి దగ్గర ఒక సీప్లేన్ కూలింది. ఎనిమిది మందిలో ఆరుగురు చనిపోయారు, అందరూ మునిగిపోయే. అక్కడి ప్రమాద విచారణ సంస్థ ఏం కోరిందో తెలుసా? సులభంగా ఊడే తలుపులు, కిటికీలు. సాల్మండ్ దెబ్బలు తిన్న డెబ్బై ఏళ్ల తర్వాత అదే కిటికీ.

మనకీ ఈ మాట పనికొచ్చే రోజు వచ్చింది. 2024 నవంబరు 9న విజయవాడలో కృష్ణ మీంచి లేచిన ఉభయచర విమానం ఒకటి శ్రీశైలం జలాశయంలో దిగింది. అది ప్రదర్శన. రేపు టికెట్ల మీద నడిస్తే అడగాల్సినవి ఉన్నాయి. దిగే దారిలో చేపల వలలు, తేలే దుంగలు లేకుండా ఎవరు చూస్తారు? నీరు అద్దంలా ఉన్న ఉదయాన పైలట్‌కు ఏం శిక్షణ ఉంది? కిటికీలు నెడితే ఊడతాయా? అధికారులు ఇవి తేల్చాకే టికెట్లు అమ్మాలి. ఎక్కేవాళ్లు చేయాల్సినవి రెండే. కూర్చోగానే తలుపు ఎన్నో సీటు దగ్గర ఉందో చేత్తో తడిమి చూసుకోండి. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉంచుకోండి, కాని దాన్లో గాలి మాత్రం విమానం బయటికి వచ్చాకే నింపుకోండి. లోపలే నింపితే అది మిమ్మల్ని పైకప్పుకు అదిమేస్తుంది, తలుపు దాకా పోనివ్వదు.