రాజు విలువ జాకీ చేతిలో: పోకర్ చెప్పే గణితం

పేకాటలో మంచి ముక్క పడితే గెలుపు ఖాయమనుకుంటాం. కానీ పోకర్‌లో గెలవడం వేరు, ఎక్కువ గెలవడం వేరు. మన దగ్గర పెద్ద ముక్క ఉందని పసిగడితే ఎదుటివారు తప్పుకుంటారు. అప్పుడు దక్కేది కాస్తే. మరి బలమైన ముక్కకు పూర్తి విలువ రాబట్టడం ఎలా?

ఆటల సిద్ధాంతానికి 1928లో పునాది వేసిన గణితవేత్త జాన్ వాన్ న్యూమన్ ఈ చిక్కును లోతుగా పరిశీలించారు. 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన పుస్తకంలో పోకర్‌కు ఒక విభాగమే కేటాయించారు. 1950లో హెరాల్డ్ కూన్ ఈ ఆటను మూడే ముక్కలకు కుదించి చూపారు.

మూడు ముక్కల ఆట

రాజు, రాణి, జాకీ. ఆడేది ఇద్దరు. ముందుగా చెరో బిళ్ల మధ్యలో వేసి, చెరో ముక్క తీసుకుంటారు. తర్వాత ఒకరు ఇంకో బిళ్ల పందెం కాయవచ్చు. రెండోవారు అంతే వేసి ముక్క చూపించమనాలి, లేదా తప్పుకోవాలి. పెద్ద ముక్కదే గెలుపు.

మొదటి ఆటగాడు రాజు వచ్చినప్పుడే పందెం కాస్తాడనుకుందాం. కొన్ని ఆటలకే గుట్టు తెలిసిపోతుంది. రాణి ఉన్నవారు కూడా తప్పుకుంటారు. రాజుకు వచ్చే లాభం ఒక్క బిళ్లే.

అదే జాకీతోనూ అప్పుడప్పుడు పందెం కాస్తే? ఇదే బ్లఫ్. ఇప్పుడు రాణి ఉన్నవారికి ఇరకాటం. మధ్యలో ఉన్న మూడు బిళ్లల కోసం వారు ఒకటి వేయాలి. మూడుసార్లు ఓడి ఒకసారి గెలిచినా లెక్క సరిపోతుంది. అందుకే ప్రతి నాలుగు పందేల్లో మూడు రాజుతో, ఒకటి జాకీతో కాస్తే, వారు చూసినా తప్పుకున్నా ఒకటే. బ్లఫ్ తగ్గితే వారు తప్పుకుంటారు, పెరిగితే ప్రతిసారీ చూస్తారు. అంటే బ్లఫ్ అసలు పని జాకీని గెలిపించడం మాత్రమే కాదు, రాజుకు గిరాకీ తేవడం కూడా.

ఊరుకోవడమూ ఎత్తుగడే

మొదటి ఆటగాడు రాజు ఉన్నా పందెం కాయకుండా ఊరుకోవచ్చు. అది చూసి ఎదుటివారు జాకీతో బ్లఫ్ చేస్తే, రాజు దాన్ని పట్టేస్తుంది. కూన్ లెక్క ప్రకారం ఈ దారిలోనూ సగటు ఫలితం మారదు. ఏ దారిలో వెళ్లినా, ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే మొదటి ఆటగాడు సగటున ఆటకు బిళ్లలో 18వ వంతు నష్టపోతాడు. కారణం, తన ఎత్తును ముందుగా బయటపెట్టేది అతడే.

2017లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన లిబ్రేటస్ ప్రోగ్రామ్ 20 రోజుల్లో 1,20,000 ఆటలాడి నలుగురు మేటి ఆటగాళ్లను ఓడించింది. దానికి బ్లఫ్ చేయడం ఎవరూ నేర్పలేదు. తనతో తానే ఆడుకుంటూ నేర్చుకుంది.

ఊహకు అందకుండా ఉండటంలోని ఈ బలం భద్రతకూ పనికొస్తోంది. భారతీయ మూలాలున్న మిలింద్ తాంబే బృందం రూపొందించిన సాఫ్ట్‌వేర్ 2007 నుంచి లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో తనిఖీల చోటునూ వేళనూ ఎవరూ ముందే కనిపెట్టలేనట్టు మారుస్తూ వచ్చింది.

అయితే ఈ గణితం జేబు నింపే మంత్రం కాదు. ఇద్దరూ సరిగా ఆడితే ఒకరి లాభం మరొకరి నష్టమే. నిర్వాహకులు కమీషన్ తీసుకుంటే మొత్తంగా ఆటగాళ్లకు మిగిలేది నష్టమే. మన దేశంలో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025లో చట్టం చేసింది. మూడు ముక్కల లెక్కను మాత్రం చింతగింజలతోనూ ఆడి సరిచూసుకోవచ్చు.