పార్కు గేటుకు ఇవతల

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున నిలబడితే ఉత్తరపు అంచు ఎదురుగానే కనిపిస్తుంది. పక్షి ఎగిరితే 16 కిలోమీటర్లు. కారులో వెళ్లాలంటే లోయను చుట్టి దాదాపు 345 కిలోమీటర్లు తిరగాలి. అమెరికాలోని ఈ జాతీయ పార్కుకు ఏటా 45 లక్షల మందికి పైగా వస్తారు. వాళ్లలో పదింట తొమ్మిది మంది దక్షిణపు అంచునే చూసి వెనుదిరుగుతారు. ఉత్తరాన రద్దీ లేకపోవడానికి ఆ చుట్టుదారి ఒక కారణం, ఏడాదిలో సగం కాలం దారి మంచుతో మూసుకుపోవడం మరొకటి.

ఆ ఉత్తరపు దారిలో, పార్కు గేటు ఇంకా 11 కిలోమీటర్లు ఉందనగా, డిమోట్ అనే చిన్న క్యాంప్‌గ్రౌండ్ ఉంది. కైబాబ్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున, పైన్ చెట్ల మధ్య గుడారాలకు నలభైలోపు జాగాలు. ఒక్కో జాగాకు ఓ బల్ల, నెగడు వేసుకోవడానికి ఇనుప చట్రం. తాగునీటికి కుళాయిలు, ఫ్లష్ లేని గుంట మరుగుదొడ్లు. కరెంటు కనెక్షన్లు ఉండవు. పెట్రోలు పోయించుకోవడానికి నలభై కిలోమీటర్ల వెనకున్న జేకబ్ లేక్ అనే చిన్న ఊరిని గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇది జాతీయ పార్కులో భాగం కాదు. చుట్టూ ఉన్నది కైబాబ్ జాతీయ అటవీప్రాంతం. పార్కును చూసేది 1916లో ఏర్పడిన నేషనల్ పార్క్ సర్వీస్, అడవిని చూసేది 1905లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వీస్. మొదటిది ఇంటీరియర్ శాఖ కింద పనిచేస్తుంది, రెండోది వ్యవసాయ శాఖ కింద. పార్కులో ప్రకృతిని ఉన్నదున్నట్టు కాపాడాలన్నది నియమం. అడవిలో కలప కొట్టడానికీ, పశువులు మేపడానికీ, వేటకూ అనుమతులతో చోటుంది. నిషేధం లేనిచోట ఏ ఏర్పాట్లూ లేని అడవిలోనే, డబ్బు కట్టకుండా, పద్నాలుగు రోజుల వరకు గుడారం వేసుకోవచ్చు. పార్కు లోపల అలా కుదరదు. అందుకే పార్కులో బస దొరకనివాళ్లకూ, దొరికినా ఆ సందడి వద్దనుకునేవాళ్లకూ సరిహద్దుకు ఇవతలి అడవులు పనికొస్తాయి.

అయితే ఊరికి దూరమైన కొద్దీ క్యాంపర్ నెత్తిన పనులు పెరుగుతాయి. ఫీనిక్స్ నుంచో లాస్ వేగస్ నుంచో వచ్చే తెలుగు కుటుంబాలకు మొదటి చిక్కు వంట దగ్గర ఎదురవుతుంది. ఇంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు సుమారు 91 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. మూకుడు మూత పెట్టి ఉడికిస్తే కందిపప్పు మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ ఉంటే ఆ బాధ తప్పుతుంది. తిండి మిగిలితే బల్లమీద వదలకూడదు, కారులో పెట్టి తాళం వేయాలి. ఉడతలూ కాకులూ నక్కల్లాంటి కయోటీలూ ఒకసారి మనిషి తిండికి అలవాటుపడితే మళ్లీ మళ్లీ వస్తాయి. ఎండాకాలంలో కూడా రాత్రి చలి గట్టిగా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నమయ్యేసరికి ఉరుములు, మెరుపులు. అప్పుడు లోయ అంచున నిలబడడం ప్రాణాలతో చెలగాటం.

నీళ్ల కథ ఇంకా వింత. లోయ ఉత్తరపు అంచున చలికాలంలో సగటున మూడున్నర మీటర్ల మంచు కురుస్తుంది. అయినా పీఠభూమి మీద ఏడాది పొడవునా పారే వాగులు దాదాపు లేవు. కింద ఉన్నది పగుళ్లతో నిండిన సున్నపురాయి. కరిగిన మంచు అందులోకి ఇంకి, వందల మీటర్ల లోతుకు దిగి, లోయ గోడలోంచి రోరింగ్ స్ప్రింగ్స్ ఊటగా బయటికి దూకుతుంది. దక్షిణపు అంచున హోటళ్లలో కుళాయి తిప్పితే వచ్చేదీ ఆ నీళ్లే. లోయకు అడ్డంగా వేసిన పైపులో అవి అక్కడికి చేరతాయి.

గుడారం దగ్గర కాస్త ఓపికగా కూర్చుంటే కైబాబ్ ఉడత కనిపించవచ్చు. నల్లని ఒళ్లు, కుచ్చుల చెవులు, తెల్లటి తోక. ప్రపంచంలో ఈ పీఠభూమి మీద తప్ప మరెక్కడా సహజంగా లేదు. లోయకు అవతలి గట్టున దాని దాయాది ఆబర్ట్ ఉడత ఉంటుంది. కైబాబ్ ఉడత పాండెరోసా పైన్ గింజలతోపాటు ఆ చెట్ల వేళ్ల దగ్గర నేలలో పెరిగే పుట్టగొడుగులను తవ్వి తింటుంది. వాటి బీజాలు దాని మలం ద్వారా అడవంతా వ్యాపిస్తాయి. ఆ శిలీంధ్రాలు పైన్ వేళ్లకు నీటినీ పోషకాలనూ అందిస్తాయి.

ఇదే అడవిలో జింకలను కాపాడబోయి ఒకప్పుడు మనుషులు పెద్ద చిక్కు తెచ్చిపెట్టారు. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఇక్కడ జింకల వేటను నిషేధించాడు. ప్రభుత్వమే వేటగాళ్లను పెట్టి జింకలను తినే ప్యూమాలనూ కయోటీలనూ చంపించింది. జింకలు లెక్కకు మించి పెరిగి, మేత చాలక, 1920ల మధ్యలో పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. ఎన్ని పెరిగాయి, ఎన్ని పోయాయి అన్నదానిపై శాస్త్రవేత్తలు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 1924 డిసెంబరులో కొందరు గంటలు మోగిస్తూ జింకలను మందగా తోలి లోయ దాటించాలని చూశారు. నవలా రచయిత జేన్ గ్రే ఆ ముచ్చటను సినిమా తీద్దామని వచ్చాడు. మంచు తుఫానులో తోలేవాళ్లు చెదిరిపోయారు, జింకలు దొరికిన సందుల్లోంచి వెనక్కి పారిపోయాయి.

నిప్పు విషయంలోనూ అదే జరిగింది. పాండెరోసా బెరడు మందంగా ఉంటుంది. కొన్నేళ్లకోసారి నేలను మాత్రమే అంటుకుని పోయే చిన్న మంటలను పెద్ద చెట్లు తట్టుకుంటాయి. దాదాపు శతాబ్దం పాటు ప్రతి మంటనూ ఆర్పేస్తూ రావడంతో పిల్లచెట్లు గుబురుగా పెరిగి, నేలమంట కొమ్మలకు ఎగబాకే నిచ్చెనలయ్యాయి. 2025 జూలై 4న పిడుగుతో మొదలైన డ్రాగన్ బ్రావో కార్చిచ్చును మొదట హద్దుల్లో ఉంచి కాలనిద్దామనుకున్నారు. వారం తిరిగేసరికి గాలి దాన్ని ఎగదోసింది. ఉత్తరపు అంచున 1937లో పునర్నిర్మించిన చారిత్రక గ్రాండ్ కాన్యన్ లాడ్జి కాలిపోయింది. మొత్తం దాదాపు 1,45,000 ఎకరాలు మంటల పాలయ్యాయి. అదే నెలలో జేకబ్ లేక్ వైపు వైట్ సేజ్ అనే మరో కార్చిచ్చు చెలరేగింది.

అందుకే ఈ దారిన వెళ్లదలచినవాళ్లు ముందుగా ఫారెస్ట్ సర్వీస్, పార్కు సర్వీస్ రెండింటి ప్రకటనలూ చూడాలి. ఏ రోడ్డు తెరిచారు, ఏ క్యాంప్‌గ్రౌండ్ పనిచేస్తోంది, నెగడుకు అనుమతి ఉందా లేదా అన్నవి వేర్వేరుగా తెలుసుకోవాలి. ఒక శాఖ అనుమతించినది రెండోది నిషేధించి ఉండవచ్చు. కాలిన చెట్లు నిలబడి ఉన్నచోట గుడారం వేయకూడదు, గాలికి అవి చెప్పాపెట్టకుండా కూలతాయి. నెగడు వేస్తే, పడుకునే ముందు నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి, చేత్తో తాకితే చల్లగా ఉందనిపించేదాకా మళ్లీ పోయాలి. కట్టెలు దూరప్రాంతాల నుంచి తేకుండా దగ్గర్లోనే కొనాలి, లేకపోతే వాటిలో దాగిన పురుగులు కొత్త అడవిలోకి చేరతాయి. ఉత్తరపు అంచుకు దారి మామూలుగా మే మధ్యలో తెరుచుకుంటుంది.