శ్రీహరికోట నుంచి గామా వేట

పెదకాకాని మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణంగా వెళ్తే సూళ్లూరుపేట వస్తుంది. అక్కణ్ణుంచి పక్కకు తిరిగితే శ్రీహరికోట. 1994 మే 4న అక్కడ ఎగిరిన ఏఎస్‌ఎల్‌వీ రాకెట్ స్రాస్-సీ2 అనే ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దాని బరువు సుమారు 115 కిలోలు. గుంటూరు యార్డు లెక్కలో మూడు మిర్చి టిక్కీలకు (బస్తాలకు) కాస్త తక్కువే.

అందులో ఒక పరికరం పని గామా కిరణ విస్ఫోటాలను పట్టుకోవడం. భారీ నక్షత్రం కూలిపోయినప్పుడో, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడో ఈ మెరుపు పుడుతుంది. సాధారణంగా కొన్ని క్షణాల నుంచి కొన్ని నిమిషాల దాకా ఉంటుంది. మన వాతావరణం గామా కిరణాలను దాదాపు పది మీటర్ల లోతు నీళ్లంతగా అడ్డుకుంటుంది. అందుకే పైకి పోక తప్పదు.

ఇంత చిన్న ఉపగ్రహం ఎలా సరిపోయింది? గామా కిరణాలను మామూలు అద్దాలతో ఒకచోటికి చేర్చలేం, కాబట్టి పెద్ద దుర్భిణి ఊసే లేదు. సీజియం అయొడైడ్ స్ఫటికం ఒకటి చాలు. కిరణం తగిలితే అందులో సన్నని వెలుగు పుడుతుంది. దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి లెక్కపెడతారు. లెక్క ఉన్నట్టుండి ఎగబాకితే విస్ఫోటం జరిగినట్టు. చిక్కల్లా ఒకటే: అది ఏ దిక్కు నుంచి వచ్చిందో ఒక్క స్ఫటికం చెప్పలేదు. దూరదూరంగా ఉన్న ఉపగ్రహాలకు అదే మెరుపు ఎంత తేడాతో అందిందో పోల్చి దిక్కును లెక్కగడతారు. కాబట్టి ఈ పనిలో ఒక్క పెద్దదాని కంటే పది చిన్నవే మేలని నా అభిప్రాయం.

ఏఎస్‌ఎల్‌వీ పేరెత్తితే 1987, 1988 వైఫల్యాలే గుర్తుచేస్తారు. 1992లో వెళ్లిన స్రాస్-సీ కూడా కక్ష్య ఎత్తు తక్కువై రెండు నెలల్లోపే రాలిపోయింది. సీ2 మాత్రం 2001 దాకా తిరిగి, యాభైకి పైగా విస్ఫోటాలను నమోదు చేసింది. ఆ రాకెట్‌కు దక్కాల్సిన మెప్పు ఇప్పటికీ బాకీయే.

2021లో యూరప్ శాస్త్రవేత్తలు పంపిన జీఆర్‌బీ ఆల్ఫా అనే ఉపగ్రహం ఇంకా చిన్నది, పది సెంటీమీటర్ల ఘనం. 2022 అక్టోబరు 9 నాటి మహా విస్ఫోటానికి పెద్ద పరికరాలు ఉక్కిరిబిక్కిరైతే, ఈ బుల్లి పెట్టె దాని శిఖరాన్ని తడబడకుండా కొలిచింది. ఇలాంటి స్ఫటిక పరికరం కళాశాల ప్రయోగశాలకు అందనిదేమీ కాదు. పెదకాకాని పక్కనే ఉన్న నాగార్జున విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విద్యార్థులు దీనిమీద ఒక చూపు వేయాలి.