మెగాపిక్సెళ్లు ఎక్కువైతే ఫొటో బాగుంటుందా?

శివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ దీపాలతో వెలిగే ఎత్తైన ప్రభలను ఫొటో తీస్తే, కొన్ని కెమెరాల్లో చీకటి భాగమంతా ఇసుక చల్లినట్టు వస్తుంది. ఎందుకు?

కెమెరాలో వెలుగును పట్టేది సెన్సర్. అది చిన్నదైతే తక్కువ వెలుగు అందుతుంది. ఆ బలహీనమైన సంకేతాన్ని కెమెరా పెంచి చూపేటప్పుడు ఇసుక లాంటి ఆ మచ్చలు కూడా పెరుగుతాయి. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉంటుంది. ఫోన్ సెన్సర్ దానికంటే చాలా చిన్నది.

మరి మెగాపిక్సెళ్లు? ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 8×12 అంగుళాల ప్రింటుకు 9 మెగాపిక్సెళ్లు చాలు.

జూమ్ మాటేమిటి? మాచర్ల దగ్గరి ఎత్తిపోతల జలపాతాన్ని దూరం నుంచి తీయాలంటే ఆప్టికల్ జూమ్ కావాలి. అందులో లెన్సులే కదిలి దృశ్యాన్ని పెద్దది చేస్తాయి. డిజిటల్ జూమ్ ఫొటో మధ్య భాగాన్ని కత్తిరించి సాగదీస్తుంది, అంతే.

ఎలా ఎంచుకోవాలి? ముందు ఏం తీస్తారో తేల్చుకోండి. రాత్రి ఫొటోలకు పెద్ద సెన్సర్, పక్షులకు ఎక్కువ ఆప్టికల్ జూమ్ చూడండి. కొనేముందు చేత్తో పట్టుకుని బరువు చూడండి. అదనపు బ్యాటరీ, మెమరీ కార్డు ఖర్చూ లెక్కలో వేసుకోండి.