ట్యాంకు చిన్నదైంది, వెలుతురు కాలేదు

ప్లాస్టిక్ కిట్‌లోని ముక్కలన్నీ అతికించి ట్యాంకు బొమ్మను నిలబెట్టాక, కొత్తగా ఈ పనిలోకి దిగినవారికి ఒక సందేహం వస్తుంది. అసలు ట్యాంకుకు ఏ రంగు ఉండేదో ఆ రంగే తెచ్చి ఒంటినిండా సమంగా పూస్తే సరిపోదా? దాని మీద మళ్లీ నల్లటి పలుచని రంగు పారించడం, అంచులు గీరినట్టు చూపడం, మట్టిపొడి అద్దడం ఎందుకు? వెదరింగ్ అనే ఈ పనిని చాలామంది అలంకారం అనుకుంటారు, ఇష్టముంటే చేసుకోవచ్చు లేకపోతే లేదంటారు. నిజానికి దాని వెనక భౌతికశాస్త్రం ఉంది. ట్యాంకు పొడవును 35వ వంతుకు కుదించగలం. దాని మీద పడే వెలుతురునూ, నీటిబొట్టునూ, రంగుపొర మందాన్నీ, ధూళి రేణువునూ కుదించలేం. ఆ తేడాను కుంచెతో సరిదిద్దే పనే వెదరింగ్.

1/35 అన్న కొలత ఏ సిద్ధాంతం నుంచీ రాలేదు. 1960ల తొలినాళ్లలో జపాన్‌కు చెందిన టామియా కంపెనీ జర్మన్ పాంథర్ ట్యాంకు కిట్ తయారుచేసినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి. వాటికి చోటిచ్చేలా బొమ్మ పరిమాణం నిర్ణయిస్తే అది 1/35కు దగ్గరగా తేలింది, తర్వాత అదే ఆనవాయితీగా స్థిరపడింది. ఫిరంగి గొట్టాన్ని వదిలేస్తే పాంథర్ పొడవు దాదాపు 6.9 మీటర్లు. బల్ల మీద అది 20 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఇప్పుడు ఈ లెక్కను తిరగేసి చూడండి. కుంచెతో 0.05 మిల్లీమీటర్ల మందాన రంగు పూశారంటే అసలు ట్యాంకు మీద 1.75 మిల్లీమీటర్ల పూత వేసినట్టే, ఆ పూత కింద రివెట్లు, అతుకులు మూసుకుపోతాయి. అంచున ఒక మిల్లీమీటరు పెచ్చు ఊడినట్టు గీస్తే అక్కడ మూడున్నర సెంటీమీటర్ల పెచ్చు ఊడినట్టు. 0.1 మిల్లీమీటరు ఇసుక రేణువు మూడున్నర మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. అందుకే ఒక దట్టమైన పూత బదులు పలుచని పూతలు రెండు మూడు వేయాలంటారు. అందుకే పెరట్లోని మట్టికి బదులు, మైక్రాన్ల పరిమాణంలో ఉండే పిగ్మెంట్ పొడి వాడమంటారు.

వెలుతురు సంగతి ఇంతకన్నా ఆసక్తికరం. చిన్న బొమ్మకు రంగు కాస్త లేతగా కలపాలని పాతకాపులు చెబుతారు. దూరంగా ఉన్న వస్తువు గాలి వల్ల పాలిపోయినట్టు కనిపిస్తుంది, బొమ్మ కూడా దూరపు వస్తువు లాంటిదే అని కారణం చూపుతారు. ఈ కారణం లెక్కకు నిలవదు. బొమ్మను 30 సెంటీమీటర్ల నుంచి చూడటమంటే అసలు ట్యాంకును పదిన్నర మీటర్ల నుంచి చూడటం. మామూలు రోజున అంత కొద్ది గాలి రంగును మార్చలేదు. సలహా మాత్రం సరైనదే, దాని కారణం వేరే చోట ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్, లైటు వేసిన గది కొన్ని వందల లక్స్. వెలుతురు తగ్గేకొద్దీ రంగుల నిండుదనం తగ్గి కనిపిస్తుందని బ్రిటన్ వర్ణశాస్త్రవేత్త ఆర్.డబ్ల్యు.జి. హంట్ 1952లో వివరించారు. వెలుగునీడల తేడా కూడా మందగిస్తుందని చెప్పే ఫలితాన్ని అమెరికన్ మనోవైజ్ఞానికుడు ఎస్.ఎస్. స్టీవెన్స్ పేరుతోనే పిలుస్తారు. దీనికి తోడు ఒకే రంగు చిన్న ముక్కగా కన్నా పెద్ద విస్తీర్ణంలో ఎక్కువ కాంతివంతంగా కనిపిస్తుంది. షేడ్ కార్డు మీద ఒద్దికగా ఉన్న రంగు గోడంతా వేశాక కొట్టొచ్చినట్టు కనబడటం ఇల్లు కట్టుకున్నవారికి తెలిసిందే. కాబట్టి పైకి తిరిగిన పలకలను లేతగా, సందులను ముదురుగా చూపించడం అబద్ధం కాదు. ఆరుబయట ఎండ చేసే పనిని గదిలో రంగు చేస్తోంది.

దీనికి అభ్యంతరం ఉంది. చరిత్ర పట్ల నిష్ఠ ఉంటే రంగు నమూనాను యథాతథంగా పాటించాలి కదా, మార్చే హక్కు మనకెక్కడిది అంటారు కొందరు. పాంథర్ చరిత్రే దీనికి జవాబిస్తుంది. 1943 ఫిబ్రవరి ఉత్తర్వుతో జర్మన్ సైన్యం ముదురు పసుపును మూలరంగుగా తీసుకుంది. దాని మీద వేసే ఆకుపచ్చ, ఎర్రగోధుమ రంగులను ముద్దగా డబ్బాల్లో పంపేవారు, సిబ్బంది నీళ్లో పెట్రోలో ఏది దొరికితే అది కలిపి పూసుకునేవారు. ఏది కలిపారన్నది, ఎంత కలిపారన్నది మారితే ఛాయ మారక తప్పదు. అసలు ట్యాంకులకే ఒక్క ఛాయ లేనప్పుడు, డబ్బా మీది నంబరును ప్రమాణం చేసుకుంటే నిష్ఠ పేరుకే మిగులుతుంది.

ఇక నీరు. వర్షపు నీరు ట్యాంకు పలక మీద ధారగా జారి, ధూళిని మోసుకెళ్లి కింద వదిలేస్తుంది. బొమ్మ మీద బొట్టు జారదు, తలతన్యత వల్ల గుండ్రంగా ముడుచుకుని కూర్చుంటుంది. అందుకే ఆ చారలను తడి కుంచెతో పైనుంచి కిందికి మనమే లాగాలి. సందుల్లోకి ముదురు రంగు పారించే వాష్‌కు టర్పెంటైన్ లాంటి ద్రావణిని వాడటానికీ కారణం ఇదే. దాని తలతన్యత నీటిదానిలో సగం కూడా ఉండదు, అందుచేత కుంచె మొన తాకించగానే కేశనాళికీయత వల్ల గీత పొడవునా పాకిపోతుంది. అయితే కింది ఉపరితలం నున్నగా ఉండాలి. మెరుపులేని రంగు సూక్ష్మంగా గరుకు కాబట్టి వాష్ గీత దాటి మరకలా వ్యాపిస్తుంది. కొత్తవారిని తికమకపెట్టే వరసకు అర్థం ఇక్కడ దొరుకుతుంది: ముందు ప్రైమర్, తర్వాత అక్రిలిక్ రంగు, మెరుపు వార్నిష్, ఎనామెల్ లేదా ఆయిల్ వాష్, చివర మెరుపును చంపే మ్యాట్ వార్నిష్. బాగా ఆరిన అక్రిలిక్‌ను టర్పెంటైన్ కరిగించదు కనుక పొరపాటు జరిగినా కింది రంగు చెదరదు. ఈ ద్రావణుల ఆవిరి మంచిది కాదు, కిటికీ తెరిచి పని చేయాలి.

తుప్పు, మట్టి ఎక్కడ ఉండాలన్నది రుచికి వదిలేసే విషయం కాదు. పాంథర్ల తయారీ 1943 జనవరిలో మొదలైంది. దాదాపు 200 పాంథర్లు ఆ జులైలోనే కుర్స్క్ యుద్ధంలోకి దిగాయి. ఆరు నెలలైనా నిండని ఉక్కు ఒంటినిండా తుప్పు పట్టి ఉండదు. ఇంజను వేడికి రంగు కాలిపోయే పొగగొట్టం మీద మాత్రం తుప్పు సహజం. నేలతో రాసుకునే గొలుసుపట్టాల అంచులు తుప్పుకు బదులు మెరుపు తేలతాయి. ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉండే పాంథర్ చక్రాల మధ్య బురద కూరుకుపోయేది, చలికాలంలో గడ్డకట్టి చక్రాలను బిగించేసేది కూడా. మన ఊళ్లో చెరువు పూడిక తీసే పొక్లెయిన్‌ను గమనించినా ఈ సూత్రాలన్నీ కళ్లకు కడతాయి: పట్టా అడుగున మెరుపు, చక్రాల సందుల్లో తడిమట్టి, పైపలకల మీద పొడి దుమ్ము, డ్రైవరు కాలుపెట్టే మెట్టు దగ్గర అరిగిన రంగు.

ఇంత చేస్తే అతి అనిపించదా అన్నది మిగిలిన ప్రశ్న. అనిపిస్తుంది, కారణం లేకుండా చేస్తే. సురభి నాటకాల నటుడి ముఖాన ఉండే రంగు దగ్గర నుంచి అతిగానే ఉంటుంది, ప్రేక్షకుడి కుర్చీ నుంచి చూస్తే ముఖకవళికలు తేటగా తెలుస్తాయి. బొమ్మ విషయంలోనూ పెంచి చూపడం తప్పు కాదు, లేనిదాన్ని పుట్టించడమే తప్పు. పనిలోని లోపాలను మురికితో కప్పేయవచ్చన్న ఆశ కూడా వద్దు, సరిగా అరగదీయని అతుకును వాష్ మరింత ఎత్తి చూపిస్తుంది. కొత్తవారు ప్రతి మరక దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఇది ఇక్కడికి ఎలా వచ్చింది? వాన వల్లా, వేడి వల్లా, రాపిడి వల్లా, మనిషి అడుగు వల్లా? జవాబు దొరకని మరకను ఆరకముందే టర్పెంటైన్ అద్దిన కుంచెతో తుడిచేయండి.