చలిపులితో చెలిమి!

బందరు వాళ్ళకి ఎండంటే లెక్క లేదు. నడివేసవిలో కూడా సాయంత్రమయ్యేసరికి సముద్రపు గాలి వచ్చి వీపు నిమురుతుంది. అదీ వాళ్ళ ధీమా! అదే పుష్యమాసం వచ్చిందా... చెవులకు మఫ్లరు, భుజాన దుప్పటి, "అబ్బ, చంపేస్తోందిరా బాబూ!" అన్న పలకరింపు. ఇంతకీ ఆ చలి ఎంతట? జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలకు అటూ ఇటూ! కాశ్మీరు మంచులో హీరోయిన్ పల్చటి చీరతో డ్యూయెట్ పాడుతుంటే ఈలలు వేసే మనం, ఈమాత్రానికే ముసుగు తన్నడం ఏం న్యాయం చెప్పండి?

పక్కనే సముద్రం ఉంది గనుక ఇక్కడ చలి ముదరదు. ఉక్కకు అలవాటుపడ్డ ఒళ్ళు గనుక మనకే వణుకు. ఆ ఒళ్ళును మచ్చిక చేసుకోవాలంటే ముందు ముసుగు తీసి బయటికి రావాలి.

గుడివాడ నుంచి పొద్దున్నే సైకిలెక్కి ఏ నిమ్మకూరు వైపో, రామాపురం వైపో వెళ్ళండి. (మొదటిది ఎన్టీఆర్ ఊరు, రెండోది ఏయన్నార్ ఊరు అని మీకు వేరే చెప్పాలా! ఘంటసాల పుట్టిన చౌటపల్లి కూడా ఈ చాయలదే. ఆయన పుట్టిందీ చలికాలంలోనే, 1922 డిసెంబరు 4న. ఆ గొంతును చలి ఏమీ చెయ్యలేదు సుమా!) వరి కోసేసిన చేలో పచ్చగా ఏదో కనిపిస్తుంది. మినుము! కోతకు కొద్దిరోజుల ముందే, వరి ఇంకా నిలబడి ఉండగానే, తడి నేల మీద గింజలు చల్లేస్తారు. దున్నే పని లేదు. నేలలో మిగిలిన తడి, రాత్రి కురిసే మంచు... వీటితోనే ఎదుగుతుంది. మనం తిట్టుకునే మంచే రేపటి మన గారె అన్నమాట!

తాటిచెట్టు సంగతి ఇంకా తమాషా. వేసవిలో ముంజలిచ్చిన చెట్టే, పండి రాలిన కాయల టెంకల్ని పాతర వేస్తే, చలికాలానికి తేగలిస్తుంది. కాల్చిన తేగ వేడివేడిగా చీల్చుకు తింటూ చలిని తిట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

దివిసీమకు వెళ్తే మాత్రం ఈ పరాచికాలు చెల్లవు. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక వైపు పెద్దవాళ్ళకి నవంబరు గాలి వీస్తే గగుర్పాటు పుట్టేది వేరే కారణానికి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టింది. వేల ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది సంక్రాంతికే, జనవరి 14న, "దాన వీర శూర కర్ణ" విడుదలైంది. తెరమీద దానకర్ణుడైన ఎన్టీఆర్, ఉప్పెన తర్వాత ఏయన్నార్‌తో కలిసి ఈ జనం కోసం జోలె పట్టి ఊరూరా తిరిగారు.

బంగాళాఖాతంలో తుపాన్ల భయం ఎక్కువగా ఉండేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జనవరి వచ్చి, పొడిగాలి నిలకడగా వీచి, చలి పట్టిందంటే సముద్రం చల్లబడినట్టే లెక్క. కుప్ప వేసిన ధాన్యం తడుస్తుందన్న బెంగ తగ్గుతుంది. వేటకెళ్ళిన మనిషి కోసం ఇంట్లోవాళ్ళు ఆకాశం వంక చూడటం తగ్గుతుంది. అక్కడ చలి అంటే ఊపిరి పీల్చుకునే కాలం! ఇది తెలిశాక బందరు మఫ్లర్ల మీద నాకు గౌరవం కాస్త తగ్గిన మాట నిజం.

పంట చేతికొచ్చి, చేతిలో డబ్బాడేదీ అప్పుడే. అందుకేగా పెద్ద బొమ్మలన్నీ సంక్రాంతికి పోటీలు పడేది! సెకండ్ షోకి ఇదే అదను. ఇంటర్వెల్లో పొగలు కక్కే టీ, పొట్లంలో వేయించిన వేరుశనక్కాయలు... ఎండాకాలం మ్యాట్నీలో ఈ సుఖం ఉందా?

ఇంకా ధైర్యం చాలకపోతే మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళండి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. సాగర సంగమం (సినిమా కాదండోయ్!). వేణుగోపాలస్వామి ఉత్సవాలకొచ్చి తెల్లవారకుండానే ఆ నీళ్ళలో మూడు మునకలు వేసే మామ్మలుంటారు. వాళ్ళ మనవలు మఫ్లర్లు చుట్టుకుని గట్టుమీద బట్టలకు కాపలా!